జనవరి సందు

ముప్పై ఒక్క ఏళ్లు ఈ ఊరివాళ్ల ఇళ్లలో మోకరిల్లాను,
ప్రార్థనకి కాదు, పలకలు పరవడానికి.
రిమూస్కీలో ఎవరి గడప తొక్కినా
ముందు కాళ్లకింద చూస్తాను,
ముఖాలు ఆ తర్వాత.

గిలేన్ టెరియో వంటింట్లో రెండు ముక్కలు పెట్టాను.
ఒకటి ఒంటిచెక్క. మేపుల్, ముప్పాతిక అంగుళం,
పైనుంచి కిందిదాకా ఒకే మాట మీద నిలబడ్డ మనిషి.
రెండోదాన్ని షాపులో ఇంజినీర్డ్ అంటారు,
నా నోటికి పొరల చెక్క.
పైన నాలుగు మిల్లీమీటర్ల బర్చ్, కింద ప్లైవుడ్.

"కోసి చూపించు" అంది.
కోశాను. అంచుని వేలితో తడిమింది.
ఒక పొర నార తూర్పుకి, దాని కిందిది ఉత్తరానికి,
మళ్లీ తూర్పుకి.
ఒకరు లాగితే ఒకరు ఆపుతారు,
అందుకే ఎటూ కదలదు, అన్నాను.
"మా చర్చి గాయకుల కమిటీ లాగా" అందామె.

ఒంటిచెక్క అలా కాదు, దానికి రుతువులున్నాయి.
జూలైలో నదిమీది పొగమంచు ఇంట్లోకి వస్తే
ఒళ్లు చేస్తుంది,
పక్క పలకని భుజంతో నెడుతుంది.
చలికాలం హీటర్లు గాలిలో తడంతా తాగేశాక
చిక్కిపోతుంది.
పలకకీ పలకకీ మధ్య అప్పుడొక సందు.

"తెలుసు" అని గిన్నెలోంచి
పది సెంట్ల నాణెం తీసింది గిలేన్.
"ఇది దూరితే జనవరి. దూరకపోతే తోటపని.
అరవై నాలుగేళ్ల నేల, నేనెప్పుడూ కేలండర్ కొనలేదు."
ఫ్రిజ్ మీద కేలండర్ ఉంది. ఫార్మసీ వాళ్లు ఇచ్చింది.
నేను చూడనట్టు ఊరుకున్నాను.

లెక్క చెప్పాను.
ఒంటిచెక్కని ఆరుసార్లు గీకి మెరుగు పెట్టొచ్చు,
పదిహేనేళ్లకోసారి.
పొరలదాన్ని రెండుసార్లు, మూడోసారికి జిగురు తేలుతుంది.
పెదాలు కదుపుతూ కూడుకుంది.
"నాకు డెబ్బై మూడు. రెండోసారికి నూట మూడు.
మిగతా నాలుగూ ఎవరికోసం కొనాలి?"
నేను అమ్మేవాణ్ణి కాదు, పరిచేవాణ్ణి.
జవాబు నా సంచిలో లేదు.

చివరికి తేల్చింది ఆమె కాదు, నేనూ కాదు.
వసంతంలో వచ్చిన వరదకి దూలాలు కుళ్లాయి,
వాటి చోట కాంక్రీటు పోయాలి.
కాంక్రీటులో ఒంటిచెక్క మేకు దిగదు,
జిగురుతో అతికిస్తే తడి తగిలిన ఏడాది
పడవలా వంగుతుంది.
చెప్పాను. కిటికీలోంచి నదిని చూసింది,
అప్పు ఎగ్గొట్టినవాణ్ణి చూసినట్టు.

పాత నేల ఊడదీసిన రోజు
సందులు మింగినవన్నీ బయటపడ్డాయి.
పద్నాలుగు గుండుసూదులు, తలపిన్నులు,
ఎవరిదో పాలపన్ను,
చిత్రం పూర్తికాని ఆటలో పోయిన ఆకాశం ముక్క,
ఒక తెల్ల మాత్ర.
మాత్రని అరచేతిలో పెట్టుకుంది.
"ఒదిలోంది. మింగానన్నాడు."
ఆ పూట ఇంకేమీ మాట్లాడలేదు.
నేను మేకులు పీకుతూనే ఉన్నాను,
కొంచెం నెమ్మదిగా.

అక్టోబరులో పొరల బర్చ్ పరిచాను.
గోడ పక్కన వేలెడు జాగా వదిలాను, ఎంత కదలని చెక్కకైనా
ఊపిరి తీసుకునే చోటు కావాలి.
బాగా వచ్చింది. నా పని గురించి నేను అబద్ధం చెప్పను.
అడుగేస్తే చప్పుడు లేదు.
ఆమెకి అదే నచ్చలేదనుకుంటాను.

బిల్లు రాస్తుంటే
పాత మేపుల్ పలకలు రెండు తెచ్చి నిలబడింది.
"ఎక్కడైనా పెట్టు."
కొత్తదీ పాతదీ ఒక మట్టానికి రావన్నాను,
కాలు తట్టుకుంటుందన్నాను.
"నా కాలే కదా."
హాల్లో పాత దూలాలు ఇంకా గట్టిగానే ఉన్నాయి.
అక్కడ, తలుపు కింద, రెండూ పక్కపక్కన కొట్టాను,
జిగురు లేకుండా, ఇష్టమున్నట్టు కదలనిచ్చి.
దానికి డబ్బు రాయలేదు.

జనవరి పదకొండు, పొద్దున్నే ఫోన్.
"దూరింది" అంది, పెట్టేసింది.

నా మోకాళ్లకి ఆ సంగతి
మూడు రోజుల ముందే తెలుసు.